విరిచి చూసి కొన్న హీటర్లు

పోయిన వారం మా మనవరాలి చేపల తొట్టికి హీటర్ కొందామని హైదరాబాదులో ఒక దుకాణానికి వెళ్లాను. దుకాణదారు అట్టపెట్టె నా ముందు పెట్టి, "ప్యాకింగ్ విప్పకండి సార్, విప్పితే గ్యారంటీ పోతుంది" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. విప్పడం ఒక లెక్కా? హీటర్లను విరిచి చూసి కొన్న మహానుభావుడి ఇంట్లో అద్దెకున్నవాణ్ణి నేను. ఆయన పోయి చాలా కాలమైంది. ఉండి ఉంటే ఆ దుకాణదారు ఆ పూట షట్టర్ దించుకుని ఇంటికి పోవాల్సి వచ్చేది.

ఆయన పేరు రాయను. ఆర్మూరులో ఆయన కొడుకులున్నారు. బతికున్నప్పుడు తండ్రి ఎదుట నిలబడడానికి జంకినవాళ్లు, ఇప్పుడు తండ్రి మీద ఈగ వాలినా ఊరుకోరు. ఊరంతా ఆయన్ని పటేలా అని పిలిచేది. నేనూ అలాగే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను.

ఆయనది పసుపు దలాలీ. రైతు మాల్ తెచ్చి మార్కెట్లో కుప్ప పోస్తాడు. పటేలు ధోవతి ఎగ్గట్టి కుప్ప చుట్టూ ఒకసారి తిరుగుతాడు. పైనున్న కొమ్ము తీయడు, పక్కనున్నది తీయడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి కుప్ప కడుపులోంచి ఒకటి లాగుతాడు. చెవి దగ్గర పెట్టుకుని టక్కున విరుస్తాడు. సరిగ్గా ఉడికి సరిగ్గా ఎండిన కొమ్ము గంటలాగా మోగుతుంది. ఎండనిది మెత్తగా వంగుతుంది. విరిగిన చోట రంగు చూసి, వాసన చూసి, ముక్కను కుప్ప మీదికి విసిరేసి "నడుస్తది" అంటాడు, లేకపోతే "నడ్వది" అంటాడు. బేరం అక్కడి నుంచి మొదలవుతుంది. ఎవరి మాటా ఒక పట్టాన వినని అంకాపూర్ రైతులు కూడా ఆ ఒక్క మాట కోసం చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. పసుపు విషయంలో ఆయన అంచనా తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు.

చిక్కెక్కడ వచ్చిందంటే, ఆయన ప్రపంచాన్నంతా పసుపు కుప్పే అనుకున్నాడు.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు కదా. పటేలు ఆ సామెతకు ఊపిరి ఉన్నంతకాలం సేవ చేశాడు. బిస్కెట్లు కొంటే ఒకటి విరిచేవాడు. అది తప్పు కాదు, తినేవస్తువు. అగరువత్తి విరిచేవాడు. సబ్బు విరిచేవాడు. ఇల్లు కట్టేటప్పుడు ఇటుకల లారీ వస్తే, దించకముందే పైకెక్కి ఇటుకను ఇటుకతో కొట్టి చూసేవాడు. కుండలు కొనేటప్పుడు అందరూ వేలితో తట్టి చూస్తారు. ఆయన ఒక కుండను నేలకేసి కొట్టి, పెంకు చేతిలో పట్టుకుని, "మట్టి మంచిదే" అని మిగిలినవి తీసుకునేవాడు. కుమ్మరికి ఆ పగిలిన కుండ ధర కూడా ముట్టేది కాబట్టి అతనికి బాధ లేదు. ఆర్మూరు బజారులో అద్దం సామాను అమ్మే ఒకాయన మాత్రం పటేలు వస్తున్నాడంటే దుకాణం ముందు గోనెపట్టా వేలాడదీసేవాడు.

"ఇరిసి సూస్తే గని ఎర్కగాదు" అన్నది ఆయన వేదం.

మనుషులకూ అదే పరీక్ష. బిడ్డకు భీమ్‌గల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్లివారు భోజనానికి కూర్చున్నారు. మొదటి ముద్ద పెట్టుకోగానే పటేలు పెళ్లికొడుకు వైపు తిరిగి, "మీసం సరిగ్గ మొలువలేదు, గీనెకు పెండ్లేందుల్లా?" అన్నాడు. పెళ్లికొడుకు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. వెనకాలే పెద్దమనుషులూ లేచారు. ఊరుఊరంతా నవ్వుతుంటే పటేలు తాపీగా చెయ్యి కడుక్కుని, "ఇరిగిండు. నడ్వడు" అన్నాడు. రెండో సంబంధానికీ అదే మాట వేశాడు. ఆ అబ్బాయి నవ్వి, "మీకెన్నేండ్లకు మొలిసినయి మామా?" అని అడిగాడు. ముహూర్తం ఆ పూటే పెట్టించారు.

నన్నూ విరిచి చూశాకే గది ఇచ్చాడు. నేను కరెంటు ఆఫీసులో బిల్లులు రాసే గుమాస్తాని. బల్బు మార్చాలంటే మా ఆవిణ్ణి పిలిచేవాణ్ణి. గది అడగడానికి వెళ్తే కూర్చోమని కూడా అనకుండా, "కరెంటోల్లంత దొంగలట గద" అన్నాడు.

"అవును పటేలా. అందుకే ఎక్కడా ఇల్లు దొరకడం లేదు" అన్నాను.

ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, "మీద అర్ర ఖాళీగుంది. సామాను తెచ్చుకో" అన్నాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో నా పేరు కరెంటు సారు. ఊళ్లో ఎక్కడ దీపం మిణుకుమన్నా జవాబుదారీ నాదే.

ఇన్ని పరీక్షలు చేసే మనిషి ఇంట్లో పెద్దమ్మ ఎలా వేగిందని మీరడగాలి. పెద్దమ్మ అంటే ఆయన భార్య. నేను ఆమెను అలాగే పిలిచేవాణ్ణి. రోజూ పగటి భోజనం దగ్గర ఆయన పళ్లెం ముందుకు తోసేవాడు. "గిది కూరనా? ఉప్పేసినవా, మన్నేసినవా?" అని కేక వీధి దాకా వినిపించేది. పెద్దమ్మ పళ్లెం తీసుకుని వంటింట్లోకి పోయేది. పొయ్యి దగ్గర కాసేపు నిలబడేది. కూరలో ఏమీ కలిపేది కాదు, ఏమీ తీసేదీ కాదు. అదే పళ్లెం, అదే కూర తెచ్చి ముందు పెట్టేది. ఆయన తిని, "గిప్పుడు మంచిగుంది. గిట్ల ముందే జెయ్యరాదా" అనేవాడు. ఈ నాటకాన్ని నేను మెట్ల మీద నుంచి ఎన్నోసార్లు చూశాను. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నవ్వు రావడం మానేసింది.

అరిచి అరిచి ఆయనకు బీపీ వచ్చింది. నిజామాబాద్ డాక్టరు గోలీలు రాసి, "పటేలా, గోలీలు సగం పనే చేస్తాయి. మీకు గుస్సా తగ్గాలి. గుస్సా తగ్గకపోతే ప్రాణానికే మోసం. ఇంట్లో అద్దాల తొట్టిలో రంగు చేపలు పెంచుకోండి. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి కూర్చుని చూడండి. బీపీ దిగుతుంది" అన్నాడట. పటేలు డాక్టర్ని కూడా విరిచే ప్రయత్నం చేశాడు. "నువ్వు చదివింది మనుషుల దవాఖానలనా, పశువుల దవాఖానలనా?" అని అడిగాడు. డాక్టరు నవ్వి, మీ బీపీ చూస్తే నాకూ అదే అనుమానం వస్తోంది అన్నాడట. డాక్టరు మోగాడు కాబట్టి చేపలు తప్పలేదు.

తొట్టిని దేవుడి పటాలకు చట్రాలు కట్టే ఆయన తయారుచేశాడు. అద్దాలకు లప్పం పెట్టాడు, చుట్టూ బంగారు రంగు పట్టీ కూడా వేశాడు. నీళ్లు పోస్తే లక్ష్మీదేవి పటంలాగా మెరిసి, నాలుగు మూలల నుంచీ కారింది. మళ్లీ లప్పం, మళ్లీ కారడం. చివరికి ఎలాగో నిలిచింది. హైదరాబాదు నుంచి గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో ఏంజెల్ చేపలు, పసుపుపచ్చ మోలీలు బస్సెక్కి వచ్చాయి.

చెప్పొద్దూ, డాక్టరు మాట నిజమైంది. పటేలు తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చేపలు అటు పోతే ఆయన తల అటు, ఇటు వస్తే ఇటు. ఆ వానకాలమంతా ఇంట్లో కేక వినిపించలేదు. పళ్లెం ముందుకు తోయడం తగ్గింది. పెద్దమ్మ ఒకరోజు నాతో, "ఇంతమంచి మందు ఇన్నొద్దులు చెర్వుల దాసిండ్రు సూడు సారూ" అంది.

చలికాలం వచ్చింది. మా దిక్కు చలి సంగతి తెలిసిందే, పొద్దున పూట పళ్లు టకటకలాడతాయి. ఒకరోజు తెల్లారేసరికి సగం చేపలు పక్కకు ఒరిగి తేలుతున్నాయి. పటేలు ఒక మోలీని అరచేతిలో పెట్టుకుని మెట్లెక్కి నా గదికి వచ్చాడు.

"సూడు. మీ ఆఫీసోల్లు సంపిండ్రు."

"చలికి చచ్చిపోయింది పటేలా."

"చలి ఎవలిచ్చిండ్రు? కరెంటు బుగ్గ సూస్తే గుడ్డి దీపం. కరెంటు సక్కగుంటే నీళ్లు గింత సల్లగైతుండెనా?"

తొట్టిలో అప్పటిదాకా కరెంటుతో వేడయ్యే వస్తువే లేదని చెప్పినా ఆయనకు ఎక్కలేదు. కేకలు మళ్లీ మొదలయ్యాయి. చేపలుంటే గుస్సా ఉండదు, చేపలుండాలంటే హీటరుండాలి. ఆయన ప్రాణం గొలుసుకట్టుగా వచ్చి ఒక హీటరుకు తగులుకుంది.

ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్లినప్పుడు నేను చేపల దుకాణంలో కనుక్కున్నాను. హీటరంటే లావుపాటి కొవ్వొత్తంత గాజు గొట్టం. లోపల తీగ చుట్ట, ఇసుక, నీళ్లు చాలినంత వెచ్చబడగానే తనంతట తాను ఆగిపోయే చిన్న ఏర్పాటు ఉంటాయి. తొట్టిలో ఎన్ని నీళ్లు పడతాయో చూసి దానికి తగ్గ వాటేజీది కొనాలి. చిన్నదైతే చేపలు వణుకుతాయి, పెద్దదైతే ఉడుకుతాయి. నీళ్లలో మునిగాకే ప్లగ్గు పెట్టాలి. వచ్చి ఇదంతా పటేలుకు చెప్పాను.

"గవన్ని పైపై మాటలు. లోపటి మాల్ ఎట్లుంటదో సూసినవా?" అన్నాడు.

"గాజులోంచి కనబడుతుంది పటేలా."

"కనబడుడు వేరు, ఇరిసి సూసుడు వేరు."

అందుకని జోడు తెప్పించాడు. ఒకే కంపెనీవి, ఒకే డబ్బాలోంచి తీసినవి రెండు. వాకిట్లో రోలు అంచుకు ఒకదాన్ని కొట్టాడు. గాజు పగిలి ఇసుక రాలింది, తీగ చుట్ట బయటికి దూకింది. తీగను గోటితో గీకాడు. ఇసుకను వాసన చూశాడు. పక్కింటివాళ్లు గోడ మీద నుంచి చూస్తున్నారు. "నడుస్తది" అని ప్రకటించి, రెండో దాన్ని తొట్టిలో పెట్టించాడు. కుప్పలో ఒక కొమ్ము మంచిదైతే కుప్పంతా మంచిదే కదా.

ఆ రెండోది కొద్దిరోజులకే చల్లబడిపోయింది. దానితోపాటే చేపలూ చల్లబడ్డాయి. పటేలు నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదు దుకాణం మీదికి దండెత్తాడు. దుకాణదారు ముసలి ముస్లిం పెద్దమనిషి. అంతా విని గడ్డం నిమురుకుని, "సేఠ్ సాబ్, యే హల్దీ నై హై" అన్నాడు. ఇది పసుపు కాదయ్యా, దేనికదే, ఒకటి మంచిదైతే ఇంకొకటీ మంచిదవ్వాలని లేదు అని నెమ్మదిగా చెప్పాడు. బయటికొచ్చాక పటేలు నాతో, "వాడు కుప్పల కల్తీ జేసిండు సారూ. ఒప్పుకుంటలేడు" అన్నాడు.

మరుసటి చలికాలానికి ఆయన తెలివి మరింత పదునెక్కింది. తప్పు విరవడంలో లేదు, చాలినన్ని విరవకపోవడంలో ఉందని తేల్చాడు. కొత్త చేపలు తొట్టిలో దిగాయి. మూడు కంపెనీలవి మూడు హీటర్లు వచ్చాయి. ఈసారి వాకిట్లో జనం కూడా ఎక్కువే వచ్చారు. పటేలు మొదటిది పగలగొట్టి పెదవి విరిచాడు. రెండోది పగలగొట్టి, "ఫరవాలేదు" అన్నాడు. మూడోది పగలగొట్టగానే ఆయన ముఖం వెలిగిపోయింది. తీగ ఒత్తుగా ఉంది, గాజు మందంగా ఉంది. "గిది మాల్ అంటే. గిదే తొట్ల వెట్టుండ్రి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆయన చేతిలో ఉన్నది సగం గొట్టం, కాళ్ల దగ్గర ఉన్నది మిగతా సగం.

పెద్దమ్మ గడపలో నిలబడి, "బిడ్డ సంబంధం గూడ గిట్లనే సూస్తివి. నసీబు, పిలగాడు గట్టోడు గనక బతికిండు" అంది. జనం గొల్లుమన్నారు. ఆయన ముఖం జేవురించింది. దుకాణదారు మీద, నా మీద, పెద్దమ్మ మీద, కరెంటు మీద వరుసగా అరిచాడు. అరుస్తుండగానే ముక్కులోంచి రక్తం కారి తెల్లటి అంగీ మీద పడింది. అరుపు ఆగిపోయింది. ఆయన రోలు పట్టుకుని కూర్చుండిపోయాడు.

నిజామాబాద్ దవాఖానలో నాలుగు రోజులు ఉంచారు. డాక్టరు ఈసారి నవ్వలేదు. పెద్దమ్మను, నన్ను పక్కకు పిలిచి, "ఈసారి ముక్కులోంచి వచ్చింది కాబట్టి దక్కాడు. మళ్లీ ఇలా అయితే తలలో పోతుంది. ఆయన్ని నెమ్మదిగా ఉంచండి. ఏం చేసైనా సరే" అన్నాడు. వచ్చేటప్పుడు బస్సు మాక్లూర్ దాటాక, ముందు సీట్లో పటేలుకు కునుకు పట్టగానే పెద్దమ్మ అడిగింది.

"కొడుకా, హైదరాబాద్ పోతే నాకొక హీటర్ తెస్తవా?"

"తెస్తాను పెద్దమ్మా. ఏ కంపెనీది తేవాలి?"

"నీకు మంచిగ అనిపిచ్చింది తే. గని ఒక్కటే తే. జోడు తేకు."

ఆమె లెక్క నాకు అర్థమైంది. తొట్టి కొలత చెప్పి, దానికి తగిన వాటేజీది ఒక్కటే తెచ్చాను. ఆమె దాన్ని వెంటనే తొట్టిలో పెట్టలేదు. వెనక అర్రలో ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి, అందులో ముంచి, ప్లగ్గు పెట్టింది. వారం రోజులు పొద్దునా సాయంత్రమూ అందులో చెయ్యి పెట్టి చూసింది. నీళ్లు ఒకే తీరున గోరువెచ్చగా ఉండేవి. కరెంటు పోయి వచ్చినా మళ్లీ తనంతట తాను అందుకునేది. దీపాలు గుడ్డివైన రోజున కాస్త నెమ్మదించేది తప్ప ఆగేది కాదు. ఎనిమిదో రోజు మిగిలిన నాలుగు చేపలున్న తొట్టిలో దాన్ని అమర్చమని నన్ను పిలిచింది.

నేను తీగ సర్దుతుండగా పటేలు మార్కెట్ నుంచి వచ్చాడు. చెప్పులు విడవకుండానే తొట్టి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. హీటరులో చిన్న ఎర్రదీపం వెలుగుతోంది.

"గిదేడికెల్లి వచ్చింది?"

"నేనే తెప్పిచ్చిన" అంది పెద్దమ్మ.

"దీని జోడేది?"

"లేదు. ఒక్కటే."

"మరి ఇరిసి సూసిందెవలు?"

"ఎవలు ఇరువలే."

ఆయన మెడ మీద నరాలు లేచాయి. కంటి జీరలు ఎర్రబడ్డాయి. నాకు ఆ రోజు అంగీ మీద పడిన రక్తం కళ్లముందు మెదిలింది. ఆయన చెయ్యి తొట్టిలోకి దిగబోయింది. కరెంటు ఆడుతున్న నీళ్లలోకి. నేను చప్పున ప్లగ్గు లాగేశాను. పెద్దమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. ఆమె ఆయన చెయ్యి పట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

"ఇరువకుంట మంచిదని ఎట్ల ఎర్క?" అన్నాడు. గొంతు అప్పుడే లేస్తోంది.

పెద్దమ్మ గొంతు మాత్రం లేవలేదు. కూర వడ్డించేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"పెండ్లైనకాడికెల్లి నన్ను దినాం ఇరిసి సూస్తనే ఉన్నవు. ఇరగంది ఎట్లుంటదో నాకెర్క లేదా?"

విరిచిన ప్రతిదానికీ ఒక తీర్పు చెప్పిన మనిషి, ఆ పూట నడుస్తదనీ నడ్వదనీ అనకుండా తన మణికట్టు మీదున్న ఆమె చేతి దిక్కు చూశాడు. నాకు ఆయన మీద జాలి వేసింది. ఆమె మీద ఏం వేసిందో ఈనాటికీ మాటల్లో పెట్టలేను. పట్టుకున్న చెయ్యి ఆమె వదల్లేదు. ఆయనా విడిపించుకోలేదు. మెడ మీది నరాలు మెల్లగా దిగాయి.

"సారూ, ప్లగ్గు వెట్టు" అన్నాడు. పెట్టాను. ఎర్రదీపం వెలిగింది. ఆయన తన కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంకో కుర్సీ ఉంటే తే" అన్నాడు.

ఆ ఇంట్లో మగవాళ్ల ఎదుట ఆడవాళ్లు కుర్చీలో కూర్చునే అలవాటు లేదు. పెద్దమ్మ ఎప్పుడూ గడపలోనో, నేల మీదో కూర్చునేది. నేను నా గది నుంచి కుర్చీ తెచ్చి ఆయన పక్కన వేశాను. "కూసో" అన్నాడు ఆమెతో. ఆమె కొంగు సర్దుకుని, కుర్చీ విరుగుతుందేమో అన్నట్టు అంచున కూర్చుంది.

బీపీ దిగాలంటే చేపల్ని చూడమని చెప్పాడు డాక్టరు. ఆ పొద్దు ఆయన చేపల దిక్కు ఒక్కసారి కూడా చూడలేదు.